నాలుగో పక్క

మా నాయిన ఎనిమిది నెలలు నా పెనిమిటితో మాట్లాడలేదు. మెదక్‌లో మాది రెండర్రల పెంకుటిల్లు, దాని ముందర వడ్రంగి కొట్టం. అంత ఇరుకు చోటులో మామా అల్లుడూ మోచేతులు తగిలేలా కూర్చుని పని చేసేవాళ్ళు. మాట మాత్రం నా మీదుగా నడిచేది. "శివమ్మా, నీ పెనిమిటికి చెప్పు, రందా మొద్దువారింది" అనేవాడు నాయిన. "శివమ్మా, మీ నాయినకు చెప్పు, రందా ఆయనదే" అనేవాడు ఎల్లం. రందా అంటే చెక్కను నునుపు చేసే చిత్రిక. పెనిమిటి పేరు పలకకూడదంటారు. పలుకుతున్నాను, ఇప్పుడాయన వినడు. విసుగొచ్చినప్పుడు ఒకరి మాట ఇంకొకరికి తిప్పి చెప్పేదాన్ని. నన్ను తిట్టేటప్పుడు మాత్రం ఇద్దరూ ఒక్కటయ్యేవాళ్ళు.

గొడవంతా ఒక చెక్క గురించి.

మా తాత పోచారం అడవి నుంచి ఎడ్లబండి మీద తెచ్చిన జిట్రేగి చెక్క అది. జిట్రేగి అంటే నల్ల చేవ కట్టె. రంపం పెడితే గులాబీ వాసన వస్తుంది, పొట్టు ఊదారంగులో రాలుతుంది. ఆ కట్టెలో కూడా ఇలాంటిది ఒక మనిషి బతుకులో ఒకసారే కంటబడుతుందని తాత అన్నాడట. నిలువెత్తు చెక్క, దాని నిండా పై నుంచి కింది దాకా నల్లటి గీతలు. ముప్ఫై ఏళ్ళు మా కొట్టంలో పడమటి గోడకు ఆనుకుని నిలబడింది. ప్రతి దసరాకూ నాయిన దాన్ని తిరగేసి నిలబెట్టి, బొట్టు పెట్టి, "ఇయేడు గూడ నీకు తగ్గ పని రాలే" అని సంజాయిషీ చెప్పుకునేవాడు. షావుకార్లు అడిగారు, దొరలు అడిగారు. ఎవరికీ ఇవ్వలేదు. మా అమ్మ పోయిన రోజు కూడా ఆయన దానికి ఆనుకునే కూర్చున్నాడు.

ఆ చెక్కను ఎల్లం ఒక్క పూటలో నాలుగు ముక్కలు చేశాడు.

అవి సంగం రోజులు. ఊళ్ళలో దొరల వెట్టి మీద జనం తిరగబడ్డారు, రజాకార్లు ఊళ్ళ మీద పడుతున్నారు. ఎల్లం అల్లాదుర్గ్ వైపు ఒక దొర గడిలో రెండేళ్ళు కూలి లేకుండా బండ్లు చేసి వచ్చినవాడు. వెట్టి అనే మాట వింటే అతని మెడ నరాలు ఉబ్బేవి. సంగం వాళ్ళు నాటు తుపాకులకు కుందాలు కావాలన్నారు. కుందా అంటే తుపాకి వెనక భుజానికి ఆనించుకునే కట్టె భాగం. మాఘమాసంలో నాయిన ఊళ్ళో లేని నాలుగు రోజులు చూసుకుని ఎల్లం ఆ చెక్క కోసి నాలుగు కుందాలు చెక్కాడు. మూడు గడ్డిబండిలో చేగుంట వైపు వెళ్ళిపోయాయి. నాలుగోది పంపేలోపు దారి మీద పహరా పెరిగింది. అది మా అటక మీద తాటాకుల కింద ఉండిపోయింది.

నాయిన తిరిగొచ్చి ఖాళీ గోడ చూశాడు. అటక ఎక్కి చూశాడు. దిగొచ్చి కాళ్ళు కడుక్కున్నాడు. అల్లుడితో మాట అప్పుడే బందయింది. సంగం మీద ఆయనకు కోపమేమీ లేదు. "తుపాకికి తుమ్మకట్టె సాలదా బిడ్డా?" అని మాత్రం నాతో అన్నాడు. చాలేది, నిజమే. కానీ ఎల్లం బండి చక్రాల మనిషి. ఇంట్లో అన్నిటికంటే గట్టి కట్టె ఏదని చూశాడు, కోశాడు. అందులో అతనికి తప్పేమీ కనబడలేదు.

శ్రావణంలో ముసురు పట్టిన ఒక పొద్దున అమీన్ సాబు మా కొట్టానికి వచ్చాడు. అమీన్ అంటే ఆ రోజుల్లో ఠాణాకు పెద్ద. సన్నటి మనిషి, నెమ్మదైన మాట. వెంట ఇద్దరు జవాన్లు. వాళ్ళు గోనెసంచి గుమ్మరిస్తే మూడు కుందాలు నేల మీద పడ్డాయి. ఇనుము ఊడదీసేశారు, కట్టె మాత్రమే మిగిలింది.

"చేగుంట తావుల పట్టువడ్డయి మిస్త్రీ," అన్నాడు అమీన్. "తుపాకులు పట్టినోళ్ళు మిగల్లే. చెక్కినోడు నాకు కావాలె. దొరికిన నాడు బజార్ల నిలవెట్టి కాలుస్త. ఎవడో నీకు ఎరికనా?"

వాకిట్లో కాడి చెక్కుతున్న ఎల్లం బాడిశ దెబ్బ ఒకటి గురి తప్పింది. అది నేనొక్కదాన్నే చూశాను.

"నాకేం ఎరిక సర్కార్," అన్నాడు నాయిన. కానీ ఆయన అమీన్ వైపు చూడటం లేదు. ఒక కుందాను ఒళ్ళోకి తీసుకుని, దాని మీద చెయ్యి వేసి, ముక్కుకు ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. తప్పిపోయిన ఎద్దు ఇంటికి తిరిగొస్తే రైతు ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది ఆయన ముఖం.

అమీన్ అది చూశాడు. చూసి, అనుకోకుండా పీట లాక్కుని కూర్చున్నాడు. "నీకు గూడ గట్లనే అనిపిస్తున్నదా? ఈ కట్టె జూసిన కాడికెల్లి నాకు మనసు మనసుల లేదు," అన్నాడు. జేబులో నుంచి మఖ్మల్ సంచి తీసి నాలుగు గడియారాలు బయట పెట్టాడు. గొలుసు గడియారాలు. ఒకటి వాళ్ళ తాతది, ఒకటి తండ్రిది, రెండు ఆయన కొన్నవి. వాటికి పెట్టె కావాలి, ఈ కట్టెతోనే కావాలి. "మూడు తుపాకులు, మూడు పక్కలు. నాలుగో పక్కకు వేరే కట్టె ఏదన్న పెట్టు. మూతకు టేకు పెట్టు. మేం పట్టింది మూడు తుపాకులని చూసినోళ్ళకు తెల్వాలె."

లెక్క సరిగ్గానే ఉంది. రెండు వైపులా గుండ్రంగా చెక్కేసిన కుందాలో పెట్టెకు పనికొచ్చే బల్లపరుపు చెక్క మధ్యలో ఒక్కటే వస్తుంది. మూడింటికి మూడు. కొలత కోసం వాళ్ళ తాత గడియారాన్ని మా దగ్గర వదిలి, దానికి రోజూ పొద్దున కీ ఎలా తిప్పాలో నాకు రెండుసార్లు చూపించి వెళ్ళాడు. మనిషిని కాలుస్తానన్న నోటితోనే, "గట్టిగ తిప్పకమ్మా, దానికి నొప్పి లేస్తది" అన్నాడు.

ఆ తర్వాతి రోజులు నాకు ఇప్పటికీ కలలాగే గుర్తొస్తాయి. ముసురు వదల్లేదు. మా ఇంట్లో అంతకుముందు గడియారం లేదు. ఇప్పుడు గూట్లో దీపం పక్కన టిక్కు టిక్కుమంటూ ఒకటి ఉంది. చర్చి గంట కొట్టిన కాసేపటికి గానీ దానికి ఆ గంట అయ్యేది కాదు. మధ్యలో మిగిలిన ఆ కాసేపు ఎవరి లెక్కలోదో నాకు అంతుపట్టేది కాదు. బియ్యం ఏరుతుంటే ఆ కాసేపూ చెయ్యి ఆగిపోయేది. కొట్టంలో నుంచి ఊదారంగు పొట్టు గాలికి లేచి అన్నం కుండ మీద, ఆరేసిన బట్టల మీద, నా జడ మీద వాలేది. ఇల్లంతా గులాబీ వాసన. రజాకార్ల కవాతు చప్పుడు మా వీధి మలుపు దాకా వచ్చి అటే తిరిగిపోయేది. నాయిన తల ఎత్తేవాడు కాదు.

అప్పటికే ఆయన కళ్ళకు పొర కమ్ముతోంది. వేళ్ళతోనే చూసేవాడు. ఒక్కో కుందాను సన్న రంపంతో చీల్చి, లోపల దాగిన చెక్కను బయటికి తీసి, గాజు కాగితంతో రుద్ది, చెంపకు ఆనించుకునేవాడు. మధ్య మధ్య రాలిపోయిన ముక్కల లెక్క కూడా ఆయన వేళ్ళకు గుర్తుంది. నిద్ర లేస్తూనే కల చెప్పేవాడు. "చెక్క గోడకు నిలవడ్డది బిడ్డా, నిండుగ. నేను దగ్గరికి పోతే జరిగి జాగ ఇచ్చింది." మరో పొద్దున, "గీతల్ల నీళ్ళు పారుతున్నయి. మీ అమ్మ అండ్ల కాళ్ళు కడుక్కుంటున్నది." వింటూ పొయ్యి దగ్గర అలాగే కూర్చుండిపోయేదాన్ని, నాకు కూడా ఆ నీళ్ళు కనిపించేవి.

సంతోషపడ్డాను, దాచను. ఏడు నెలల తర్వాత మా నాయిన నవ్వుతున్నాడు. ఎల్లం మాత్రం వాకిట్లోనే కూర్చునేవాడు, లోపలికి తొంగి చూసేవాడు కాదు. ఒక మధ్యాహ్నం ఎవరూ లేరనుకుని గూట్లో గడియారం తీసి చెవి దగ్గర పెట్టుకోవడం చూశాను. నన్ను చూసి సిగ్గుపడి పెట్టేశాడు. "గుండె లెక్కనే కొట్టుకుంటున్నదే," అన్నాడు. ఆ గుండె ఆగకుండా ఉండాలని నేను ఏ దేవుడికి మొక్కలేదు? చర్చి ముందు నుంచి పోతే అక్కడా మొక్కాను.

నాలుగో పక్క కోసం నాయిన నల్లమద్ది చెక్క ఒకటి రందా పట్టి పక్కన పెట్టాడు. అది నేను చూశాను. చూశాక ఇంకేమీ అడగలేదు. సరేసు జిగురూ పొట్టూ అంటుకుని ఉంటే, ముసురు వెలుతురులో నల్లమద్దికీ జిట్రేగికీ తేడా తెలియదు. పెట్టె నాలుగు మూలల్లో పళ్ళు ఒకదాంట్లో ఒకటి దిగాయి. ఒక్క మేకు లేదు. చవితి పండగ నాటికి అతుకులు ఆరాయి. లోపల ఆకుపచ్చ మఖ్మల్ నేనే పరిచాను, నాలుగు గడియారాలకు నాలుగు గుంటలు.

చవితి దాటిన ఆరో రోజు, సోమవారం పొద్దున, మెరుగు పెట్టడానికి కూర్చున్నాను. మెరుగు పని మా ఇంట్లో నాది. చపడా లక్కను స్పిరిట్‌లో నానబెట్టి, పాత ధోవతి గుడ్డను ఉండ చేసి, అందులో ముంచి రుద్దాలి. మొదటి తడి తగలగానే కట్టె కళ్ళు తెరుస్తుంది. ఏళ్ళ తరబడి చేసినా ఆ క్షణానికి నా ఒళ్ళు జలదరించేది. మధ్యాహ్నం నమాజు అయ్యాక పెట్టె కోసం వస్తానని అమీన్ కబురు పంపాడు.

మొదటి పక్క రుద్దాను. ఊదారంగు లోతులో నుంచి నల్లటి గీత ఒకటి పైకి తేలి సన్నగా వంకర తిరుగుతూ మూల దాకా వెళ్ళింది. మూల తిప్పాను. రెండో పక్క మీద అదే గీత, ఎక్కడా తెగకుండా. మూడో పక్క మీద కొంచెం వెడల్పయి, రెండుగా చీలి, మళ్ళీ కలిసింది. మూడో మూల తిప్పాను. ఇక్కడ ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. నాలుగో పక్క మీదికి పాకి, పెట్టె చుట్టూ తిరిగి, బియ్యపు గింజంత తేడాతో మొదటి పక్కను అందుకుంది.

చెప్పడానికి సిగ్గేస్తోంది. ఆ ఒక్క క్షణం నేను ఎల్లంను మరిచిపోయాను. అమీన్‌ను మరిచిపోయాను. మా తాత చెక్క నా ఒళ్ళో నిండుగా కూర్చుని ఉంది, గుండ్రంగా తిరుగుతూ, మొదలూ చివరా లేకుండా. వడ్లోళ్ళ కడుపున పుట్టినందుకు నాకు ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది. ఆ తర్వాత గుడ్డ నా చేతిలో నుంచి జారి పడింది.

"నాయినా, నాలుగో పక్క ఏం కట్టె?"

ఆయన చిన్నపిల్లవాడిలా నవ్వాడు. "నల్లమద్ది పెట్టి చూసిన బిడ్డా. గీత ఆడికొచ్చి ఆగి నా దిక్కు చూస్తున్నది. అటక మీద దాని ముక్క ఉండంగ, దీంట్ల పరాయి కట్టె ఎట్ల పెడుత?"

"గది తుపాకి కుందా నాయినా! అమీన్‌కు దొరికినయి మూడే. నాలుగోది మనింట్లకెల్లి ఎట్లొచ్చిందని అడుగడా? నీ అల్లుణ్ణి బజార్ల నిలవెడ్తడు!"

నా అరుపు ఆయన లోపలికి దిగడానికి కొంత సేపు పట్టింది. నవ్వు మెల్లగా పోయింది. చేతులు మోకాళ్ళ మీదికి జారాయి. "తుపాకి సంగతి యాదికి రాలే శివమ్మా," అన్నాడు. "చెక్కనే చూసిన."

ఇంత వయసొచ్చి, ఇంత పని తెలిసి, ఇంట్లో మనిషి ప్రాణం కంటే గీత కలవడం ఎక్కువైందా అని నోటికొచ్చినట్టు తిట్టాను. నా నోట్లోనే నాకు జవాబు కూడా ఉంది. నేను చూసినప్పుడు నాకూ అదే ఎక్కువైంది కదా.

అరుపులు విని ఎల్లం లోపలికి వచ్చాడు. పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. అతనికి చెప్పనవసరం లేకపోయింది. "నేను ఏరు దాటి పోత," అన్నాడు.

"నువ్వు పోతే నువ్వే చేసినట్టు ఊరంతకు తెలుస్తది," అన్నాను. "దార్లనే పడుతరు."

నాయిన లేచాడు. మూల నుంచి నల్లరంగు కుండ తెచ్చుకున్నాడు. బెల్లం నీళ్ళలో తుప్పు ఇనుము నానబెట్టిన కుండ అది. నాసిరకం కట్టెను చేవ కట్టె అని నమ్మించమనే గిరాకీల కోసం ఉంచేవాళ్ళం. నేను రుద్దిన లక్కను స్పిరిట్‌తో తుడిచేశాడు. నాలుగో పక్కకు కరక్కాయ నీళ్ళు పట్టించాడు. కుండలో ఒట్టి చేతులు ముంచి, అరచేతులతో ఇనుప నీళ్ళు పూశాడు. కరక్కాయ మీద ఇనుము పడగానే కట్టె నల్లబడటం మొదలైంది. గీత మొదట మసకబారింది, తర్వాత మునిగింది. ఎక్కడైనా మిగిలిందేమోనని వేళ్ళతో తడిమి మళ్ళీ పూశాడు. బయట సన్నగా వాన పడుతోంది. ఆయన ముఖం నేను చూడలేదు. ఎల్లం చూశాడు, చూసి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఇప్పుడది నల్లటి తునికి చేవలా ఉంది. మూడు పక్కలు జిట్రేగి, ఒక పక్క తునికి. ఎవరు చూసినా అదే అంటారు, ఆరితే. ఆ ముసురులో ఆరలేదు. పొయ్యి దగ్గర పెట్టి విసనకర్రతో విసిరాను, చీర కొంగుతో విసిరాను.

అమీన్ నమాజుకు ముందే వచ్చాడు. ఆ పొద్దున నలువైపులా సరిహద్దు దాటి యూనియన్ ఫౌజు వస్తోందని బజారులో గుసగుసగా ఉంది. మాకు అప్పటికి తెలియదు. ఆయనకు తెలుసు. బూట్ల నిండా బురద, రెండు రోజులుగా నిద్ర లేని కళ్ళు. అయినా పెట్టె చేతికి రాగానే మనిషి నెమ్మదించాడు. మూత తీసి, నాలుగు గడియారాలు నాలుగు గుంటల్లో పెట్టి, మూత వేసి, చెవి ఆనించి విన్నాడు. "ఏదో చెట్టు లోపల పక్షులున్నట్టు ఉన్నది మిస్త్రీ," అన్నాడు. ఆ మాటకు నాకు ఆయన మీద జాలి కలిగింది. తర్వాత ఆయన తన బొటనవేలు చూసుకున్నాడు. వేలు నల్లగా ఉంది.

పెట్టెను వెలుతురులోకి తీసుకుపోయాడు. రుమాలు వానలో తడిపి నాలుగో పక్కను గట్టిగా రుద్దాడు. రంగు లోపలికి పట్టక ముందే కదా, కొంత ఊడి వచ్చింది. మూడో పక్క మీది గీతను గోటితో పట్టుకుని, మూల దాటించి, రుద్దిన చోటులోకి తెచ్చాడు. గోరు ఎక్కడా ఆగలేదు.

"నాలుగో కుందా," అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు. "మీ ఇంట్లనే ఉండె. చెక్కినోడు ఎవడు?"

జవాన్లు భుజాల మీది తుపాకులు చేతుల్లోకి తీసుకున్నారు. అమీన్ కళ్ళు ఎల్లం చేతుల మీద ఉన్నాయి. ఎల్లం ముందుకు ఒక అడుగు వేశాడు. నోరు తెరిచాడు. అతని కంటే ముందు మా నాయిన మాట వచ్చింది.

"నేనే సర్కార్. చెక్క నాది. నా చెక్క మీద ఇంకోడు రంపం పెడ్తె పెట్టనిస్తనా? ఊర్ల అడుగుండ్రి."

ఊళ్ళో ఎవరిని అడిగినా ఆ మాట నిజమనే చెప్తారు. అమీన్ తల ఊపాడు. కానీ నమ్మలేదు. ఆయనకు కట్టె తెలుసు. "ఒక్క మాట అడుగుత మిస్త్రీ," అన్నాడు. "రెండో కుందాను మెడ కాడ నార వెంట కొయ్యలే, అడ్డం కోసిండ్రు. మొదటి దెబ్బకే ఇరిగింది. పట్టుకున్నోడు ఇరిగిన తుపాకితోని నిలవడితే మావోళ్ళు కొట్టేసిండ్రు. ఇరవై ఏండ్ల పిలగాడు. మెదక్‌ల నీ అసుంటి పనోడు లేడంటరు. ఇగో ఈ మూలలు చూస్తున్న గద. గీ చేతులతోని నువ్వు అడ్డం కోసినవా?"

ఎల్లం ముఖంలో రక్తం లేదు. తాను కోసిన కోతకు ఒక మనిషి పోయాడని అతనికి అప్పుడే తెలిసింది.

మా నాయిన గురించి మీకు ఒకటి చెప్పాలి. అరవై ఏళ్ళలో తనది కాని తప్పు కోత ఒక్కటీ తన మీద వేసుకోలేదు. ఎవరో చేసిన వంకర తలుపు ఆయన చేసిందే అని ఒక షావుకారు అన్నందుకు, ఆ తలుపు ముందు మూడు రోజులు కూర్చుని ఆ షావుకారు చేత మాట వెనక్కి తీయించుకున్న మనిషి. ఆయన పెదవులు రెండుసార్లు కదిలి ఆగాయి. మూడోసారి మాట వచ్చింది.

"కోసిన. అడ్డం కోసింది నేనే. పని రానోని లెక్క కోసిన."

అమీన్ నమ్మాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. పై నుంచి ఒక పేరు అడుగుతున్నారు, పేరు దొరికింది. కాగితం మీద రాసుకున్నాడు. సంగారెడ్డి నుంచి హుకుం వస్తే శుక్రవారం బజారులో కాలుస్తామని మాతో చెప్పాడు. పెట్టెను షేర్వానీ కింద వాన తగలకుండా పట్టుకుని ముందు నడిచాడు. వెనక మా నాయిన, మణికట్ల దాకా నల్లటి చేతులతో. వీధి మలుపు దగ్గర నా వైపు తిరిగి చూస్తాడనుకున్నాను. చూడలేదు.

మంగళవారం ఎల్లం ఠాణాకు వెళ్ళి, చెక్కింది తానేనని చెప్పాడు. గేటు దగ్గరి జవాను, "ముసలోడు ఒప్పుకున్నడు, నువ్వెవడివి నడుమ, పో" అని కర్రతో నెట్టేశాడు. బుధవారం మళ్ళీ వెళ్ళాడు. గేటు దగ్గర జవాను లేడు, తలుపుకు లోపల తాళం ఉంది. ఇంటికి వచ్చి ఖాళీ గోడకు ఎదురుగా కూర్చున్నాడు. "పిలగానికి ఇరవై ఏండ్లట," అన్నాడు ఒకసారి. నేను అన్నం పెడితే తినలేదు, నేనూ తినలేదు. గడియారం కూడా లేని ఇంట్లో ఆ రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. చర్చి గంట కొట్టినప్పుడల్లా ఇంకో గంట అయిపోయిందని ఏడ్చేదాన్ని. గురువారం సాయంత్రం నుంచి శుక్రవారం రాకుండా ఉండాలని మొక్కాను.

శుక్రవారం వచ్చింది. హుకుం రాలేదు. ఆ సాయంత్రం నిజాం లొంగిపోయాడని రేడియోలో చెప్పారట, ఊరంతా బజారులోకి వచ్చింది. అమీన్ అంతకు ముందే గడియారాలతో సహా ఎటో వెళ్ళిపోయాడు. ఏమయ్యాడో తెలియదు, ఆ పెట్టెను మేము మళ్ళీ చూడలేదు. ఠాణాలో మిగిలిన ముసలి జమేదారు ఒకడు రెండు రోజులు భయపడి, ఆదివారం పొద్దున తాళాలు తీసి, "పోండ్రి" అన్నాడట.

నాయిన నడుచుకుంటూ వచ్చాడు. ఎడమ చెయ్యి పైకి లేవడం లేదు. పెదవి చిట్లి ఉంది. చేతుల నలుపు ఇంకా పోలేదు. నేను పట్టుకుని ఏడుస్తుంటే, "పేర్లు చెప్పమన్నరు బిడ్డా," అన్నాడు. "మద్ది, ఏగిస, సోమిద, బిల్లుడు. తెల్సిన పేర్లన్ని చెప్పిన." అన్నీ అడవి చెట్ల పేర్లే. నవ్వబోతే పెదవి నొప్పి పెట్టి ఆగిపోయాడు.

ఎల్లం వాకిట్లో నిలబడి ఉన్నాడు, దగ్గరికి రావడానికి కాళ్ళు రాక. తర్వాత ఒక్కసారిగా వచ్చి ఆయన పాదాల మీద పడ్డాడు. "మామా" అన్నాడు. నాయిన కాళ్ళు వెనక్కి తీసుకోలేదు. నేనిచ్చిన అంబలి నెమ్మదిగా తాగి, ముంత పక్కన పెట్టాడు. అల్లుడి తల మీద కుడి చెయ్యి వేసి, సూటిగా అతనితోనే అన్నాడు.

"లే ఎల్లం. తుమ్మ చెక్క ఒకటి పట్కరా. నార ఎటు పోతదో, ఎట్ల కొయ్యాల్నో చూపిస్త. గా అబద్ధం రెండోసారి చెప్పుడు నాతోని కాదు."